వెనుక బండి ఊగితే.. ముందు బండికే ముప్పు

తార్నాక: లాలాపేట వంతెన దిగి తార్నాక చౌరస్తా వైపు వచ్చే నీటి ట్యాంకరును ఎప్పుడైనా గమనించారా? ముందున్న ట్రాక్టరు నిదానంగానే కదులుతుంటుంది. వెనుక తగిలించిన ట్యాంకరు మాత్రం తోక ఆడించినట్టు కుడికీ ఎడమకీ ఊగుతుంటుంది. పక్కన వచ్చే ద్విచక్ర వాహనదారు ఒకసారి అటు చూసి, మారుమాట లేకుండా దూరం జరుగుతాడు. వేగం గంటకు ఇరవై, ముప్పై కిలోమీటర్లే కాబట్టి ఆ ఊపు అక్కడితో సర్దుకుంటుంది.

ఇదే దృశ్యాన్ని గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో ఊహించండి. ముందున్నది ట్రాక్టరు కాదు, కుటుంబం ప్రయాణిస్తున్న కారు. వెనుక ఉన్నది ట్యాంకరు కాదు. పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చిన చిన్న ఇంటి బండి. ఊపు మొదలైన నాలుగైదు సెకన్లలోనే డ్రైవరు చేతిలోంచి వ్యవహారం జారిపోవచ్చు. ఆంగ్లంలో దీనిని ‘స్వే’ అంటారు. దానిని అదుపు చేసే ఏర్పాట్లకు ‘స్వే కంట్రోల్’ అని పేరు.

మన ఊరికి దీనితో ఏమి పని అని ప్రశ్నించే వారికి జవాబు దగ్గరలోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల 1929లో ఆరంభమైంది. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడిన వారి తల్లిదండ్రులు తార్నాక, హబ్సిగూడ, నాచారం వీధుల్లో ఇంటికొకరు అన్నట్టుగా ఉన్నారు. వేసవిలో పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు అద్దె ట్రైలరు తగిలించుకొని జాతీయ పార్కులు చూసి రావడం ఇప్పుడు మామూలైంది. ఇల్లు మారేటప్పుడు సామాను ట్రైలరును తామే లాగుకుపోయే విద్యార్థులూ ఉన్నారు. వీరిలో అధిక భాగం కారు నడపడం హైదరాబాదులోనో అక్కడి నగరంలోనో నేర్చుకున్నవారే కానీ, వెనుక బండిని లాగడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పి ఉండరు. ఆ కారు వెనుక సీట్లో కూర్చునేది మన పెద్దలు, మనవలు.

ఊపు ఎలా పుడుతుంది?

ట్రైలరు కారుకు ఒకే ఒక్క చోట, కొక్కెం దగ్గర తగిలి ఉంటుంది. ఆ బిందువు చుట్టూ అది లోలకం వలె స్వేచ్ఛగా తిరగగలదు. మలుపు తిరగాలంటే ఆ స్వేచ్ఛ అవసరమే. చిక్కు కూడా అక్కడే ఉంది. పక్క నుంచి ఈదురుగాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా, రోడ్డు అంచు గుంటలో ఒక చక్రం పడినా ట్రైలరు కొద్దిగా పక్కకు తిరుగుతుంది. లారీ దాటేటప్పుడు దాని ముందు భాగం గాలిని నెట్టి ట్రైలరును ఒక వైపు తోస్తుంది. లారీ వెనుక భాగం దాటే క్షణంలో అదే గాలి ట్రైలరును తన వైపు లాగుతుంది. తోపు, ఆ వెంటనే లాగుడు. ఊపు మొదలు కావడానికి అంతకంటే అనువైన సందర్భం మరొకటి ఉండదు.

వేగం తక్కువగా ఉన్నప్పుడు టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు ఆ ఊపును ఒకటి రెండు సార్లలో చల్లారుస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఈ చల్లార్చే గుణం క్షీణిస్తుంది. ఒక హద్దు దాటిన తర్వాత అది పూర్తిగా లేకుండా పోతుంది. అప్పుడు ప్రతి ఊపూ ముందటి దాని కంటే పెద్దదవుతుంది. కారు ముందుకు పోవడంలోని శక్తే ఊపునకు మేత అవుతుంది కాబట్టి బయటి నుంచి మరెవరూ తోయనక్కరలేదు. భౌతికశాస్త్ర పరిభాషలో ఆ హద్దును సందిగ్ధ వేగం అనవచ్చు. 1940లో అమెరికాలోని టకోమా వంతెన మామూలు గాలికే మెలికలు తిరిగి కూలిపోయిన సంగతి ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ తెలిసిందే. తనంతట తాను పెరిగే కంపనం అంటే ఏమిటో చెప్పడానికి అధ్యాపకులు దానినే ఉదహరిస్తారు. అంత దూరం పోనక్కరలేదు. సూపర్ మార్కెట్లో తోపుడు బండిని కాస్త వేగంగా నెట్టితే ముందు చక్రాల్లో ఒకటి గజగజ కొట్టుకుంటుంది, నెమ్మదిస్తే ఊరుకుంటుంది. అది కూడా ఈ కుటుంబానికి చెందిన చేష్టే.

ఈ సందిగ్ధ వేగం ఏ బండికి ఎంత అన్నది ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ఒకే ట్రైలరుకు సామాను సర్దిన తీరును బట్టి అది ఒక రోజు ఒకలా, మరుసటి రోజు మరోలా ఉంటుంది. నిన్న 95 కిలోమీటర్ల వేగంలో నిలకడగా వచ్చిన బండి ఈ రోజు 80 దగ్గరే ఊగడం మొదలుపెట్టవచ్చు. ‘నిన్న బాగానే వచ్చింది కదా’ అన్న ధీమాకు ఇక్కడ విలువ లేదు.

చిన్న ట్రైలర్లు తేలిక కాబట్టి ప్రమాదం తక్కువ అనుకోవడం సాధారణ పొరపాటు. చిన్న వాటికి ఇరుసు ఒకటే ఉంటుంది, కొక్కెం నుంచి ఇరుసుకు దూరమూ తక్కువ. ఆ దూరం ఎంత తక్కువైతే బండి అంత చురుకుగా ఊగుతుంది. రెండు ఇరుసుల బండి స్వభావరీత్యా కొంత మొండిది. తిన్నగా పోవడానికే మొగ్గు చూపుతుంది.

ఎడ్లబండి చెప్పిన లెక్క

బండిలో బరువు ఎక్కడ పెట్టాలన్నది మన రైతులకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనుక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు పట్టెడలు బిగుసుకుంటాయి. అన్నీ ముందు వేస్తే మెడ మీద మోయలేని భారం పడుతుంది. కాడి మీద కొంచెం బరువు నిలిచేటట్టు సర్దడం బండి తోలేవాడి మొదటి విద్య. ఎద్దుల స్థానంలో కారును, కాడి స్థానంలో కొక్కెంను పెట్టుకుంటే ట్రైలరు శాస్త్రంలో సగం వచ్చినట్టే.

కొక్కెం మీద పడే బరువు ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో అనుసరించే సూత్రం. ఐరోపాలో ట్రైలర్ల తయారీ తీరు, వేగ పరిమితులు వేరు కాబట్టి అక్కడ 5 నుంచి 7 శాతంతో సరిపెడతారు. సామాను బరువులో దాదాపు 60 శాతం ట్రైలరు ముందు సగంలో ఉండాలని అమెరికాలో ట్రైలర్లు అద్దెకిచ్చే యూ హాల్ సంస్థ తన ఖాతాదారులకు చెబుతుంది.

ఒక లెక్క చూద్దాం. సామానుతో కలిపి ట్రైలరు బరువు 800 కిలోలు, కొక్కెం నుంచి ఇరుసుకు దూరం 3 మీటర్లు అనుకోండి. కొక్కెం మీద 80 కిలోలు పడుతున్నాయంటే అది సరిగ్గా 10 శాతం. బండి గురుత్వ కేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు ఉన్నదన్నమాట. ఇప్పుడు ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందున్న 40 లీటర్ల నీళ్ల తొట్టిని తీసి, ఇరుసుకు 120 సెంటీమీటర్లు వెనుకకు మార్చారు. 40 కిలోల బరువు 1.8 మీటర్లు వెనక్కి జరిగింది. కొక్కెం మీద 24 కిలోలు తగ్గి 56 కిలోలే మిగులుతాయి. పది శాతం కాస్తా ఏడు శాతమైంది. మొత్తం బరువులో ఒక్క కిలో కూడా మారలేదు, కంటికి కనిపించే తేడా ఏదీ లేదు. కానీ బండి స్వభావం మారిపోయింది. దీనికి తోడు వెనుక తలుపుకు రెండు సైకిళ్లు కూడా తగిలిస్తే ఏమవుతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

మరో సూక్ష్మం ఉంది. బరువైన వాటిని సగం బండి ముందు కొసన, సగం వెనుక కొసన పెట్టి కొక్కెం లెక్క సరిపోయిందని సంతోషించరాదు. రెండు కొసల్లో బరువున్న కర్రను మధ్యలో పట్టుకొని తిప్పి చూడండి. తిప్పడం ఎంత కష్టమో, తిరిగిన తర్వాత ఆపడమూ అంతే కష్టం. బరువు ఇరుసుకు దగ్గరగా, అందులో కాస్త ముందు వైపుగా, నేలకు వీలైనంత తక్కువ ఎత్తులో ఉండటం ఉత్తమం. సగం నిండిన నీళ్ల తొట్టి మరీ చెడ్డది. ప్రతి ఊపుకూ నీరు అటూ ఇటూ పోయి తన వంతు తోపు అందిస్తుంది. నిండా నింపడమో, పూర్తిగా ఖాళీ చేయడమో మేలు.

కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. చక్రాలకు అడ్డు పెట్టి, ట్రైలరు కొక్కెంను కారుకు తగిలించే ఎత్తులోనే ఉంచి, దాని కింద ఇంట్లో మనుషుల బరువు చూసుకునే తూకపు యంత్రాన్ని పెడితే చాలు. బరువు యంత్రం పరిమితిని మించితే ఒక గట్టి పలకను తీసుకోవాలి. పలక ఒక కొస ఇటుక మీద, మరో కొస మూడు అడుగుల దూరంలో తూకపు యంత్రం మీద ఉండాలి. ఇటుక నుంచి ఒక అడుగు దూరంలో కొక్కెంను ఆనించి, యంత్రం చూపిన అంకెను మూడుతో గుణించాలి. ఖాళీ పలక చూపే బరువును ముందే తీసివేయడం మరువరాదు. ట్రైలరు మొత్తం బరువుకు లారీల కాటాయే గతి. వే బ్రిడ్జి సాధారణంగా 5, 10 కిలోల అంచెలలోనే చూపుతుంది కాబట్టి కొక్కెం బరువుకు మాత్రం ఇంటి తూకమే నమ్మదగినది.

కొక్కెం బరువు ఎక్కువైతే మరో రకం ఇబ్బంది. కారు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు, వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక కొక్కెం ఉందనుకుంటే, అక్కడ పడిన 100 కిలోలు వెనుక చక్రాల మీద 150 కిలోలుగా మారతాయి. ముందు చక్రాల మీద నుంచి 50 కిలోలు లేచిపోతాయి. తిప్పేది ముందు చక్రాలతోనే కాబట్టి స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపిస్తుంది. బరువును తిరిగి ముందు ఇరుసుకు పంచే స్ప్రింగు కడ్డీల కొక్కేలు ఉన్నది ఇందుకే. వాటిని స్వే కంట్రోల్‌తో కలిపి ఒకటిగా భావించేవారు చాలామంది. రెండింటి పనీ వేరు. రెండూ చేసే నమూనాలు కూడా దొరుకుతాయి, అది వేరే సంగతి.

రాపిడి కడ్డీ పని తీరు

చిన్న ట్రైలర్లకు ఎక్కువగా వాడేది రాపిడి కడ్డీ. ఒక ఉక్కు పట్టీ ఒక కొసన కారు కొక్కెం పక్కన, మరో కొసన ట్రైలరు ముందు చట్రం మీద తగిలి ఉంటుంది. ట్రైలరు తిరిగినప్పుడల్లా ఆ పట్టీ రెండు పలకల మధ్య ముందుకు వెనక్కు జారుతుంది. బ్రేకు లైనింగు వంటి పదార్థం అతికించిన ఆ పలకలను ఒక మరతో బిగిస్తారు. తలుపు బందు బిగుతుగా ఉంటే గాలికి తలుపు కొట్టుకోదు కదా, అదే సూత్రం. టైర్లు చల్లార్చలేకపోయిన ఊపును ఈ రాపిడి వేడిగా మార్చి చల్లారుస్తుంది.

వాడకంలో కొన్ని నియమాలున్నాయి. వెనక్కి నడిపేటప్పుడు, బాగా ఇరుకైన మలుపుల్లో కడ్డీని తీసివేయాలి, లేకుంటే వంగిపోతుంది. పలకలకు నూనె, గ్రీజు, రంగు తగలనివ్వరాదు. బురద రోడ్డు మీద, జారే మంచు మీద మర వదులు చేయాలని తయారీదారులే చెబుతారు. అక్కడ బిగుతు కడ్డీ కారును తిన్నగా తిరగనివ్వదు. ఐరోపాలో మరో పద్ధతి ఉంది. అక్కడ కొక్కెం గుండునే రాపిడి పలకలు గట్టిగా పట్టుకుంటాయి. మామూలు గుండుకు గ్రీజు రాయడం అలవాటున్నవారు దీనికీ రాస్తే డబ్బు పెట్టి కొన్న రక్షణ ఆ క్షణమే వృథా.

ఇంకో రకం ఎలక్ట్రానిక్ ఏర్పాటు. ఊపును గుర్తించే సెన్సరు కారులో ఉంటే, కంప్యూటరు ఇంజిను శక్తిని తగ్గించి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేస్తుంది. ట్రైలరులోనే ఉంటే దాని బ్రేకులను వేసి వెనక్కి లాగి పట్టుకుంటుంది. మనిషి గ్రహించే లోపే పని మొదలుపెట్టడం దీని ప్రత్యేకత.

ఏ పరికరమైనా తప్పుగా సర్దిన బరువును సరిచేయదు. ఇక్కడ ఒక మోసం కూడా దాగి ఉంది. కడ్డీ లేకుండా 75 కిలోమీటర్ల దగ్గర ఊగి హెచ్చరించవలసిన బండి, కడ్డీ బిగించాక 100 దాకా మౌనంగా ఉంటుంది. అప్పుడు ఊగితే అదుపు చేయడం మరింత కష్టం. 75 నుంచి 100కు వేగం మూడో వంతే పెరిగినా, బండిలోని గతిజ శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. కాబట్టి మొదట కడ్డీ లేకుండా, ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో నిలకడ చూసుకొని, బరువు సర్ది, ఆ తర్వాతే కడ్డీని అదనపు రక్షణగా బిగించాలన్నది విజ్ఞుల పద్ధతి.

వేగమే అసలు మందు అన్నది ప్రపంచమంతటా చట్టాలు ఒప్పుకున్న మాట. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే వాహనానికి గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్లు. జర్మనీలో సాధారణంగా 80 కిలోమీటర్లు. ప్రత్యేక ఆమోదం పొందిన జోడీలకు మాత్రమే 100. బ్రిటన్‌లో అనుభవం లేనివారు కారు బరువులో 85 శాతానికి మించిన ట్రైలరు లాగవద్దని సలహా ఇస్తారు. మన ఔటర్ రింగు రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగాన్ని 2023లో 120కి పెంచారు. వెనుక బండి ఉన్నవారు ఆ అంకె తమది కాదని గుర్తుంచుకోవాలి.

ఊగడం మొదలైతే..

మనసు చెప్పే మొదటి రెండు పనులూ తప్పే. స్టీరింగ్‌ను ఊపుకు ఎదురు తిప్పబోతే మనిషి స్పందించే సమయానికి ట్రైలరు అవతలి వైపు తిరిగి ఉంటుంది. అందువల్ల ప్రతి సవరణా ఊపుకు సాయమే చేస్తుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కితే కారు ఆగబోతుంది, ట్రైలరు ఆగదు. వెనుక నుంచి నెట్టుకొచ్చి చాకు మడిచినట్టు కారు మీదికి మడుచుకుంటుంది. వేగం పెంచితే ట్రైలరు సాగి తిన్నగా అవుతుందన్న మాట పాత డ్రైవర్ల నోట వినిపిస్తుంటుంది. సందిగ్ధ వేగం దాటిన బండికి మరింత వేగం ఇవ్వడమంటే ఏమిటో పైన చెప్పుకున్నాం.

చేయవలసింది కష్టమైనదీ, సరళమైనదీ. స్టీరింగ్‌ను తిన్నగా గట్టిగా పట్టుకోవాలి. యాక్సిలరేటరు మీద నుంచి పాదం తీసివేయాలి. ట్రైలరుకు విడిగా విద్యుత్ బ్రేకులు, కారులో వాటి మీట ఉంటే ఆ మీటను మాత్రమే చేత్తో మెల్లగా నొక్కాలి. ట్రైలరు వెనక్కి లాగబడి తాడులా తిన్నగా అవుతుంది. వేగం పడిపోయాక పక్కకు ఆపి సామాను, టైర్ల గాలి, కొక్కెం చూసుకోవాలి. ‘తగ్గిపోయింది కదా’ అని అలాగే సాగిపోయేవారికి రెండోసారి అవకాశం దొరకకపోవచ్చు. దిగుడు రోడ్లలో ట్రైలరు కారును నెడుతుంది కాబట్టి దిగకముందే గేరు తగ్గించుకోవడం మంచిది.

ఇక ట్రైలరు లోపల మనుషులు కూర్చోవడం. కాళ్లు చాపుకోవచ్చని పెద్దవారిని అందులో పడుకోబెట్టాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అమెరికాలో అనేక రాష్ట్రాలు దీనిని నిషేధించాయి. నిషేధం లేని చోట కూడా సరికాదు. ఊపులో మొదట బోల్తా పడేది వెనుక బండే.

మన ట్రాలీల సంగతి

ఇంతా చదివి ఇది విదేశాల ముచ్చట అనుకోనక్కరలేదు. రోడ్డు పనుల కంప్రెసరు, పెళ్లి పందిరి దగ్గరి జనరేటరు, తారు మరిగించే డ్రమ్ము, ఇసుక ట్రాలీ, నీటి ట్యాంకరు.. అన్నీ వెనుక బండ్లే. మన ట్రాలీలకు చాలా వాటికి విడిగా బ్రేకులు ఉండవు. ట్రాక్టరు కడ్డీ రంధ్రంలో దించిన ఒక పిన్నే మొత్తం ఆధారం. రంధ్రం అరిగిపోయి, పిన్ను సన్నబడి, మధ్యలో వేలు పట్టేంత సందు ఏర్పడితే ట్రాలీ నిదానపు వేగంలోనే ఊగుతుంది. దీనికి కారణం సందిగ్ధ వేగం కాదు, వదులైన కీలు. మందు కూడా చవకైనదే. పిన్ను మార్చడం, రంధ్రానికి కొత్త బుష్ వేయించడం, పిన్ను ఎగిరిపోకుండా అడ్డు క్లిప్పు పెట్టడం, పిన్ను విరిగినా ట్రాలీ విడిపోకుండా గొలుసు వేయడం.

వినాయక నిమజ్జనం నాడు ఈ విషయం మరింత పట్టించుకోవలసి ఉంది. ఎత్తైన విగ్రహం ఎక్కించగానే ట్రాలీ గురుత్వ కేంద్రం పైకి లేస్తుంది. విశ్వవిద్యాలయ ఆవరణలోని రోడ్ల మీద వేగ నిరోధకాలు తగులుతాయి. వాటిని ఒక చక్రం ముందు, ఒక చక్రం వెనుక దాటేలా ఏటవాలుగా ఎక్కిస్తే విగ్రహం ఒరుగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా, నడక వేగంలో దాటించాలి. విగ్రహ పీఠం ట్రాలీలో మధ్య నుంచి కాస్త ముందుకు ఉండాలి. భక్తులంతా వెనుక తలుపు మీద కూర్చోవడం వల్ల ట్రాక్టరు వెనుక చక్రాల మీది బరువు తగ్గి పట్టు పోతుందన్నది ఊరేగింపు ఉత్సాహంలో ఎవరికీ గుర్తుండదు.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో వ్యవసాయ కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది మరణించారు. మృతుల్లో అత్యధికులు మహిళలే. అక్కడ కారణం ఊపు అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ట్రాలీ అదుపు తప్పితే అందులోని మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదన్నది మాత్రం ఆ రోజు జిల్లా అంతా చూసింది.

చట్టం ఈ బండ్లను విస్మరించలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 61వ సెక్షను ప్రకారం ట్రైలరును కూడా ఇతర మోటారు వాహనాల వలెనే రిజిస్టరు చేయించాలి. ట్రైలరు సంఖ్య లాగే వాహనం పక్కన కనిపించాలి. లాగే వాహనం సంఖ్య ట్రైలరు మీద, ఒకటి కంటే ఎక్కువ తగిలిస్తే చిట్టచివరి దాని మీద ఉండాలి. కారుకు కొక్కెం వేయించి చిన్న ఇంటి బండి కట్టించుకోవాలనుకునేవారు వెల్డింగు దుకాణానికి వెళ్లే ముందే కారు తయారీదారు ఎంత బరువు లాగడానికి అనుమతిస్తున్నాడో కారు పుస్తకంలో చూసుకోవాలి, ప్రాంతీయ రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషను, బీమా సంస్థలో పాలసీ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అమెరికాలో అద్దె కారుకు ట్రైలరు తగిలించదలచిన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఆ కార్లతో ట్రైలరు లాగడాన్ని చాలా ఒప్పందాలు నిషేధిస్తాయి. కొక్కెం దగ్గర దీపాల తీగ సరిగా తగిలిందో లేదో, వెనుక బ్రేకు దీపం వెలుగుతోందో లేదో ఒక మనిషిని బండి వెనుక నిలబెట్టి చూడటానికి అర నిమిషం పడుతుంది.